కొత్త కంప్యూటరుపై పాత సాఫ్ట్‌వేర్ – దారులు, పరిమితులు, జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

కంప్యూటరు లేని కార్యాలయం, ముద్రణాలయం నేడు అరుదు. జీతాల పట్టికలు, సహకార సంఘాల ఖాతాలు, గ్రంథాలయాల జాబితాలు మొదలుకొని శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాల వరకు సమస్తమూ రెండు మూడు దశాబ్దాలుగా కంప్యూటరులోనే రూపుదిద్దుకొంటున్నాయి. వీటిలో పెద్ద భాగం మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన డాస్, విండోస్ ఆపరేటింగ్ సిస్టంల కోసం తయారైన సాఫ్ట్‌వేర్లతో జరిగిన పనే. అయితే విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న తయారీ సంస్థ సాధారణ మద్దతు ముగిసింది. తరువాత వచ్చిన విండోస్ 11 కొత్త తరం ప్రాసెసర్లను, టీపీఎం 2.0 అనే భద్రతా భాగాన్ని తప్పనిసరి చేయడంతో చక్కగా పనిచేస్తున్న అనేక కంప్యూటర్లు అందుకు అర్హత పొందలేకపోయాయి.

ఇటువంటి కంప్యూటర్లను పారవేయనక్కరలేదు. లినక్స్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టంలతో వాటిని మరికొన్నేళ్లు సురక్షితంగా వినియోగించుకోవచ్చు. చిక్కంతా ఒక్కటే. యంత్రం మిగిలినా, దానిపై ఇన్నాళ్లూ నడిచిన విండోస్ సాఫ్ట్‌వేర్ లినక్స్‌పై నేరుగా నడవదు. కొత్త కంప్యూటరు కొన్నవారికీ కొంతమేరకు ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. విండోస్ 11లో 32 బిట్ రూపమే లేనందున డాస్ ప్రోగ్రాములు, తొలినాటి 16 బిట్ విండోస్ ప్రోగ్రాములు దానిపై నేరుగా నడవవు. ఒక ఆపరేటింగ్ సిస్టం కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌ను మరొక దానిపై నడిపేందుకు ఉన్న మార్గాలేమిటి, ఎవరికి ఏది అనువైనది, ఆ మార్గాలపై ఎంతవరకు ఆధారపడవచ్చు అనే అంశాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అసలు చిక్కు ఎక్కడ ఉంది?

ప్రోగ్రాము తన పనులన్నీ తానే చేసుకోదు. కూడికలు, తీసివేతలు, పోలికలు వంటి వాటిని ప్రాసెసరుకు నేరుగా ఆదేశిస్తుంది. ఫైలు తెరవడం, తెరపై కిటికీ గీయడం, అక్షరాలు చూపడం, ప్రింటరుకు కాగితం పంపడం వంటి పనులకు మాత్రం ఆపరేటింగ్ సిస్టంకు విన్నవించుకొంటుంది. కార్యాలయంలో గుమాస్తా తన బల్లపై లెక్క తానే వేసుకొని, బీరువాలోని దస్త్రం కావలసినప్పుడు రికార్డు గదికి చీటీ పంపడం వంటిదే ఇది.

ఆ చీటీ రాసే పద్ధతి ఒక్కో ఆపరేటింగ్ సిస్టంలో ఒక్కో విధంగా ఉంటుంది. విండోస్‌లో వాడుకరి ఫైళ్లు సాధారణంగా ‘సి’ అనే డ్రైవులో ఉంటే, లినక్స్‌లో డ్రైవు అక్షరాలనేవే లేవు. అన్నీ ఒకే మూలం నుండి కొమ్మలుగా విస్తరించిన ఫోల్డర్లు. ప్రోగ్రాము ఫైలు నిర్మాణం సైతం రెండింటిలో వేరు. ఈ కారణంగా రెండు కంప్యూటర్లలోనూ ఒకే ప్రాసెసరు ఉన్నప్పటికీ, విండోస్ ప్రోగ్రాము రాసిన చీటీని లినక్స్ చదవలేదు. అనగా అడ్డుగోడ సాధారణంగా యంత్రంలో లేదు, విన్నపాల భాషలో ఉన్నది. ఈ ఒక్క విషయం అవగతమైతే మిగిలినదంతా సులభం. గోడను దాటే మార్గాలు ప్రధానంగా మూడు. మొదటిది విన్నపాలను అనువదించడం, రెండవది ఒక కంప్యూటరులోపల మరొక కంప్యూటరును నిలపడం, మూడవది పాత యంత్రాన్నే అనుకరించడం.

మొదటి మార్గం – దుబాసీ

ఈస్టిండియా కంపెనీ కాలంలో కోరమాండల్ తీరాన కంపెనీ దొరలకు, స్థానిక వర్తకులకు నడుమ రెండు భాషలూ ఎరిగిన దుబాసీలు ఉండేవారు. విండోస్ ప్రోగ్రాముకు, లినక్స్‌కు మధ్య సరిగ్గా అటువంటి పనినే చేసే సాఫ్ట్‌వేర్ ‘వైన్’. 1993లో బాబ్ ఆమ్‌స్టాట్, ఎరిక్ యంగ్‌డేల్ దీనికి శ్రీకారం చుట్టారు. మరుసటి సంవత్సరం నుండి అలెగ్జాండర్ జూలియార్డ్ నాయకత్వంలో ఇది కొనసాగుతున్నది. ప్రపంచంలోని అనేక దేశాల ప్రోగ్రామర్ల కృషితో సాగిన ఈ పథకంలో 1.0 రూపం 2008 జూన్ 17న, అనగా పదిహేనేళ్ల తరువాత వెలువడినదంటే పని ఎంత పెద్దదో ఊహించవచ్చు.

వైన్ పనితీరు ఇట్లుంటుంది. ఫైలు తెరవడం, కిటికీ గీయడం వంటి వేలాది పనులకు విండోస్‌లో సిద్ధంగా ఉండే గ్రంథాలయ ఫైళ్లను వైన్ బృందం సొంతంగా, మొదటి నుండి తిరిగి రాసింది. ప్రోగ్రాము ఎప్పటివలె విన్నపం పంపుతుంది. వైన్ దానిని అందుకొని లినక్స్‌కు అర్థమయ్యే రీతిలో చేరవేసి, జవాబును విండోస్ రీతిలో తిరిగి అందిస్తుంది. ప్రోగ్రాముకు తాను పరాయి ఇంట ఉన్నానన్న సంగతే తెలియదు. దాని కోసం ‘సి’ డ్రైవును పోలిన ఫోల్డరును, విండోస్ అమరికల పట్టికను సైతం వైన్ ఏర్పాటు చేస్తుంది. కూడికలు, తీసివేతల వంటి ఆదేశాలను మాత్రం అనువదించదు. అవి నేరుగా ప్రాసెసరుకే పోతాయి. అందువలననే వేగంలో పెద్దగా తేడా ఉండదు. విండోస్ ప్రతిని కొనవలసిన అవసరమూ ఉండదు.

మరొక విశేషం గమనించదగినది. 64 బిట్ విండోస్ వదిలివేసిన 16 బిట్ విండోస్ ప్రోగ్రాములలో పలు వాటిని 64 బిట్ లినక్స్‌పై వైన్ నడపగలదు. కొన్ని సందర్భాలలో పాత విండోస్ ప్రోగ్రాముకు కొత్త విండోస్ కన్నా లినక్సే మెరుగైన ఆశ్రయమన్నమాట.

ఇటీవలి కాలంలో వైన్‌కు ఊపునిచ్చినది కార్యాలయాలు కాదు, కంప్యూటరు ఆటలు. వాల్వ్ అనే అమెరికా సంస్థ వైన్ ఆధారంగా 2018 ఆగస్టులో ‘ప్రోటాన్’‌ను విడుదల చేసింది. లినక్స్‌పై నడిచే స్టీమ్ డెక్ అనే చేతి ఆట యంత్రాన్ని 2022 ఫిబ్రవరిలో విపణిలోకి తెచ్చింది. విండోస్ కోసం తయారైన వేలాది ఆటలు నేడు ఆ యంత్రంపై నడుస్తున్నాయి. ఆ క్రమంలో జరిగిన మెరుగుదలలలో పలు అంశాలు వైన్‌లో చేరి, సాధారణ వాడుకరులకూ ఉపకరిస్తున్నాయి.

అయితే దుబాసీకి తెలియని మాటలూ ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టం అంతర్భాగంలోకి చొచ్చుకొనిపోయి పనిచేసే డ్రైవర్లను వైన్ నడపలేదనే భావించాలి. యూఎస్‌బీ హార్డ్‌వేర్ తాళంతో మాత్రమే తెరుచుకొనే ప్రోగ్రాములు, ప్రత్యేక యంత్రపరికరాలతో కలిసి పనిచేసే ప్రోగ్రాములు ఈ కారణంగా తరచు మొరాయిస్తాయి. ఏ ప్రోగ్రాము ఎంతమేరకు నడుస్తున్నదో వాడుకరులు పరీక్షించి నమోదు చేసిన పట్టికను వైన్ బృందమే నిర్వహిస్తున్నది. అందులో ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ మొదలుకొని పనికిరానిది అనే వరకు శ్రేణులు ఉంటాయి. సమయం వెచ్చించే ముందు ఆ పట్టికను చూడటం మేలు.

రెండవ మార్గం – ఇంటిలోపల ఇల్లు

రెండవ మార్గంలో అనువాదం ఉండదు. నడుస్తున్న కంప్యూటరులోని మెమొరీలో, డిస్కులో కొంత భాగాన్ని వేరుచేసి, అందులో మరొక పూర్తి ఆపరేటింగ్ సిస్టంను నిలుపుతారు. దీనిని వర్చువల్ మెషీన్ అంటారు. పెద్ద ఇంటిలో ఒక వాటాను వేరుచేసి, దానికి వేరే తలుపు పెట్టి, అద్దెకు ఇచ్చినట్లుగా దీనిని భావించవచ్చు. లోపల ఉన్న విండోస్ తనకు సొంత యంత్రం ఉన్నదనే తలుస్తుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. 1960 దశకంలోనే ఐబీఎం సంస్థ తన పెద్ద కంప్యూటర్లలో ఈ పద్ధతిని అభివృద్ధి చేసి, 1972లో వీఎం/370 పేరిట వినియోగదారులకు అందించింది. బల్లమీది కంప్యూటర్లకు 1999లో వీఎంవేర్ సంస్థ దీనిని తీసుకువచ్చింది. 2007లో వర్చువల్‌బాక్స్ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. అదే సంవత్సరం లినక్స్‌లోనే కేవీఎం అనే ఏర్పాటు చేరింది. ఇంటెల్, ఏఎండీ సంస్థలు 2005, 2006 సంవత్సరాల నుండి ప్రాసెసరులోనే ఇందుకు తోడ్పాటు కల్పించడంతో వేగం సమస్య చాలావరకు తీరింది.

లోపల నిజమైన విండోస్ ఉన్నందున విండోస్‌పై నడిచే ప్రోగ్రాములు దాదాపు అన్నీ నడుస్తాయి. యూఎస్‌బీ తాళాన్ని లోపలి వాటాకు అప్పగించే వీలు ఉంటుంది. పనిచేసే స్థితిలో ఉన్న వాటాను యథాతథంగా భద్రపరచుకొని, ఏదైనా చెడిపోయినప్పుడు తిరిగి ఆ స్థితికే రావచ్చు. వాటా మొత్తం ఒకటి రెండు ఫైళ్లలో ఉంటుంది గనుక మరొక కంప్యూటరుకు తరలించడం సైతం సులువు.

ఇందుకు చెల్లించవలసిన మూల్యమూ లేకపోలేదు. రెండు ఆపరేటింగ్ సిస్టంలు ఒకేసారి నడుస్తాయి గనుక మెమొరీ ఎక్కువ కావాలి. ఎనిమిది గిగాబైట్లున్న కంప్యూటరులో విండోస్ 10 వాటాకు కనీసం మూడు, నాలుగు గిగాబైట్లు కేటాయించవలసి వస్తుంది. విండోస్ ఎక్స్‌పీకి ఒక గిగాబైటు సరిపోతుంది. లోపల ఉంచిన విండోస్‌కు వేరుగా లైసెన్సు ఉండాలి. కంప్యూటరుతో పాటు వచ్చిన లైసెన్సు సాధారణంగా ఆ యంత్రానికే పరిమితమన్న విషయాన్ని గుర్తుంచుకోవాలి. మద్దతు ముగిసిన విండోస్‌ను ఇట్లు వాడేటప్పుడు ఆ వాటాకు ఇంటర్నెట్ అనుసంధానం తొలగించడం తప్పనిసరి.

మూడవ మార్గం – పగటివేషం

పగటివేషగాడు ధరించిన పాత్ర ఎవరిదో ఆ నడక, ఆ మాట, ఆ అలవాటు యథాతథంగా చూపుతాడు. ఎమ్యులేటర్ చేసేది అదే. పాత యంత్రంలోని ప్రాసెసరును, సౌండు కార్డును, తెరను, కీబోర్డును సైతం సాఫ్ట్‌వేర్ రూపంలో అనుకరిస్తుంది. ప్రాసెసరే వేరైనప్పుడు ఈ మార్గమొక్కటే శరణ్యం. ప్రతి ఆదేశాన్నీ మార్చి చెప్పవలసి ఉన్నందున వేగం తగ్గుతుంది. అయితే ముప్ఫై ఏళ్లనాటి ప్రోగ్రాముకు నేటి ప్రాసెసరు వేగంలో పదో వంతు దక్కినా సరిపోతుంది.

డాస్ కాలపు ప్రోగ్రాములకు 2002లో వెలువడిన డాస్‌బాక్స్ ప్రసిద్ధి చెందినది. ఇది ప్రధానంగా ఆటల కోసం రూపొందినది. ముద్రణ వంటి కార్యాలయ అవసరాలకు దాని నుండి పుట్టిన డాస్‌బాక్స్-ఎక్స్ అనువైనది. వేర్వేరు ప్రాసెసర్లను అనుకరించే క్యూఈఎంయూను ఫాబ్రీస్ బెలార్ 2003లో ప్రారంభించారు.

యాపిల్ సంస్థ అనుభవం ఈ సందర్భంగా పేర్కొనదగినది. 2006లో పవర్‌పీసీ ప్రాసెసర్ల నుండి ఇంటెల్‌కు మారినప్పుడు పాత ప్రోగ్రాములను నడిపేందుకు ‘రొసెట్టా’ అనే అనువాదకాన్ని ఆ సంస్థ అందించింది. 2011లో వచ్చిన లయన్ రూపం నుండి దానిని తొలగించింది. 2020లో ఇంటెల్ నుండి సొంత ప్రాసెసర్లకు మారినప్పుడు రెండవ రొసెట్టాను తెచ్చింది. దానిని మ్యాక్ ఓఎస్ 27 వరకు మాత్రమే పూర్తిస్థాయిలో కొనసాగిస్తామని 2025 జూన్‌లో ప్రకటించింది. వంతెన వేసినవారే ఒకనాడు దానిని తీసివేయవచ్చునని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

విండోస్‌లో లినక్స్

ఇంతవరకు చెప్పుకొన్నది విండోస్ సాఫ్ట్‌వేర్‌ను లినక్స్‌పై నడపడం గురించి. ఎదురు దిశలోనూ రాకపోకలు ఉన్నాయి. 1995లో ప్రారంభమైన సిగ్విన్, లినక్స్ తరహా ప్రోగ్రాములను విండోస్ కోసం తిరిగి తయారుచేసుకొనే వీలు కల్పించింది. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థే విండోస్ 10లో లినక్స్ ఉపవ్యవస్థను ప్రవేశపెట్టింది. దాని మొదటి రూపం దుబాసీ పద్ధతిని అనుసరించి, లినక్స్ విన్నపాలను విండోస్‌కు అనువదించేది. కొన్ని విన్నపాలు అనువాదానికి లొంగకపోవడం, ఫైళ్ల పని మందగించడం గమనించి, 2019లో ప్రకటించిన రెండవ రూపంలో నిజమైన లినక్స్ కేంద్రకాన్నే చిన్న వర్చువల్ మెషీన్‌లో నిలిపారు. ఒకే సంస్థ, ఒకే అవసరానికి, మూడేళ్లలో మొదటి మార్గం నుండి రెండవ మార్గానికి మారిన ఈ తీరు రెండింటి బలాబలాలను చక్కగా తేటతెల్లం చేస్తుంది.

ఆండ్రాయిడ్ ప్రోగ్రాముల కోసం 2021లో విండోస్ 11లో కల్పించిన ఇటువంటి ఏర్పాటుకు మాత్రం 2025 మార్చి 5తో మద్దతు ముగిసింది.

చట్టం ఏమంటున్నది?

ఇతరుల ఆపరేటింగ్ సిస్టం పనితీరును గమనించి దానికి సరిపోయే మరొక సాఫ్ట్‌వేర్‌ను తయారుచేయడం న్యాయమేనా అన్న సందేహం పలువురికి కలుగుతుంది. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టానికి 1999లో చేసిన సవరణ ద్వారా 52వ సెక్షన్‌లో ఒక మినహాయింపు చేరింది. దాని ప్రకారం స్వతంత్రంగా తయారైన ప్రోగ్రాము ఇతర ప్రోగ్రాములతో కలిసి పనిచేయడానికి అత్యవసరమైన సమాచారం మరొక విధంగా సులభంగా లభించనప్పుడు, ప్రోగ్రాము ప్రతిని చట్టబద్ధంగా కలిగియున్నవారు ఆ సమాచారం పొందేందుకు అవసరమైన పని చేయడం ఉల్లంఘన కాదు. అమెరికా సుప్రీంకోర్టు సైతం 2021 ఏప్రిల్ 5న గూగుల్, ఒరాకిల్ సంస్థల వివాదంలో, జావా ప్రోగ్రాములు విన్నపాలు పంపే తీరును తెలిపే దాదాపు 11,500 వరుసలను గూగుల్ వాడుకోవడం న్యాయమైన వినియోగమేనని 6-2 ఆధిక్యంతో తీర్పు చెప్పింది.

ఈ మినహాయింపులు వంతెన కట్టేవారికే గాని, సాఫ్ట్‌వేర్‌ను అక్రమంగా నకలు చేసేవారికి కావు. వైన్‌పై నడిపినా, వర్చువల్ మెషీన్‌లో నడిపినా, ఆ ప్రోగ్రాముకు లైసెన్సు ఉండవలసిందే.

తెలుగు అక్షరాల సంగతి

తెలుగు పాఠకులకు ఈ విషయంలో ప్రత్యేకమైన ఆసక్తి ఉండవలసిన కారణమొకటి ఉన్నది. ఇతరులకు ప్రోగ్రాము నడవకపోతే పని ఆగుతుంది. మనకు మాత్రం రాసినది చదవడమే కష్టమవుతుంది.

1980 దశకంలో ఐఐటీ కాన్పూరులో రూపుదాల్చి, సీ-డాక్ ద్వారా విస్తరించిన జిస్ట్ సాంకేతికతలో భారతీయ భాషల కోసం కంప్యూటరులో ఒక ప్రత్యేక కార్డునే అమర్చేవారు. ప్రధాన భారతీయ లిపులకు కలిపి రూపొందించిన ఇస్కీ సంకేత విధానం 1991లో జాతీయ ప్రమాణమైనది. విండోస్ వచ్చిన తరువాత ముద్రణ రంగంలో పేజ్‌మేకర్, దానికి తోడుగా వివిధ సంస్థల తెలుగు ఫాంట్లు రాజ్యమేలాయి. ఈ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను, గుణింతాలను, వత్తులను ఉంచేవారు. ఏ స్థానంలో ఏ ముక్క ఉండాలన్నది ఒక్కో సంస్థ ఒక్కో విధంగా నిర్ణయించుకొన్నది. ఫలితంగా ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిచిన పుటలో తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి.

యూనికోడ్ ప్రమాణంలో 1991 నాటి మొదటి రూపం నుండే తెలుగుకు స్థానం ఉన్నప్పటికీ, సాధారణ కంప్యూటరులో అది అందుబాటులోకి వచ్చినది 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతోనే. ఆ తరువాత కూడా ముద్రణాలయాలు చాలాకాలం పాత ఫాంట్లనే వాడాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన రూపం 7.0 వెలువడినది 2001లోనే. అనగా గత శతాబ్దపు చివరి దశకం, ఈ శతాబ్దపు తొలి దశకాలలో తెలుగులో కూర్చిన పుస్తకాలు, సంచికలు, స్థానిక చరిత్రలు, సంస్థల నివేదికలు ఎన్నో, నేడు కొత్త రూపాలు వెలువడని ఒక ప్రోగ్రాములో, ప్రమాణం కాని ఫాంట్లలో బంధింపబడి ఉన్నాయి. అచ్చయిన ప్రతి దొరికినవాటికి కొంత ఊరట ఉన్నది. అచ్చుకు వెళ్లనివాటికి ఆ ఫైలే ఏకైక ఆధారం.

ఈ ఫైళ్లను చదివేందుకు పైన వివరించిన మార్గాలు ఆసరా అవుతాయి. వైన్ ఏర్పాటు చేసిన ‘సి’ డ్రైవులోని ఫాంట్ల ఫోల్డరులో పాత ఫాంట్లను ఉంచినట్లయితే, దానిపై నడిచే ప్రోగ్రాములు వాటిని గుర్తిస్తాయి. అయితే తెలుగు కీబోర్డును కల్పించే చిన్న ప్రోగ్రాములు వైన్ లోపలి ప్రోగ్రాములతోనే పనిచేయగలవు. లినక్స్ సొంత ప్రోగ్రాములలో వాటి ప్రభావం ఉండదు. హార్డ్‌వేర్ తాళం ఉన్న తెలుగు సాఫ్ట్‌వేర్లకు వర్చువల్ మెషీన్ మేలు. జిస్ట్ కార్డు వంటి భౌతిక పరికరం అవసరమైన ప్రోగ్రాములకు ఎమ్యులేటరు కూడా చాలదు. అక్కడ ప్రోగ్రామును నడపడం కన్నా, ఇస్కీ రూపంలోని సమాచారాన్ని నేరుగా యూనికోడ్‌లోకి మార్చడమే సరైన దారి.

ఎవరికి ఏ మార్గం?

మార్గాన్ని ఎంచుకొనే ముందు ఈ క్రింది వరుసలో ఆలోచించడం శ్రేయస్కరం.

1. అదే ప్రోగ్రాముకు లినక్స్ రూపం ఉన్నదేమో ముందుగా చూడాలి. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, జింప్ వంటివి రెండు ఆపరేటింగ్ సిస్టంలలోనూ లభిస్తాయి.

2. కావలసినది ప్రోగ్రామా, అందులోని సమాచారమా అన్నది తేల్చుకోవాలి. డీబేస్, ఫాక్స్‌ప్రో కాలపు డీబీఎఫ్ పట్టికలను లిబ్రెఆఫీస్ నేరుగా తెరవగలదు. పేజ్‌మేకర్ ఫైళ్లను సైతం 2015లో వచ్చిన 4.4 రూపం నుండి కొంతమేరకు తెరుస్తున్నది. పుట అమరిక పూర్తిగా నిలవకపోయినా విషయం చేతికి దక్కుతుంది.

3. సాధారణ విండోస్ ప్రోగ్రాము అయితే ముందుగా వైన్‌తో ప్రయత్నించాలి. ఖర్చు లేదు, విఫలమైతే తొలగించడం సులభం.

4. డాస్ ప్రోగ్రాము అయితే డాస్‌బాక్స్ లేదా దాని సంతతిని వాడాలి.

5. హార్డ్‌వేర్ తాళం, ప్రత్యేక పరికరం, క్లిష్టమైన డ్రైవరు ఉన్నప్పుడు వర్చువల్ మెషీన్ తగినది.

6. ఏదీ కుదరనప్పుడు పాత కంప్యూటరును నెట్‌వర్కు నుండి తొలగించి, ఆ పనికి మాత్రమే ఉంచుకోవచ్చు. అయితే దాని హార్డ్‌డిస్కు ఎప్పుడైనా ఆగిపోవచ్చునని గ్రహించి, పూర్తి నకలు వెంటనే తీసుకోవాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

మార్పునకు ముందు ఫైళ్లు, ఫాంట్లు, ప్రోగ్రాము ఇన్‌స్టాల్ డిస్కులు, లైసెన్సు పత్రాలు అన్నింటినీ ఒకచోట చేర్చి, రెండు వేర్వేరు పరికరాలలో నకళ్లు భద్రపరచాలి. ఫైలు ఉండి ఫాంటు పోతే ప్రయోజనం లేదు. సీడీల నుండి, ఫ్లాపీల నుండి ఇప్పటికీ చదవగలిగినవాటిని ఆలస్యం చేయక హార్డ్‌డిస్కుకు ఎక్కించాలి.

జీతాలు, ఖాతాల వంటి లెక్కలలో పాత, కొత్త ఏర్పాట్లను కనీసం ఒక నెల పాటు సమాంతరంగా నడిపి, రెండింటి మొత్తాలు పైసలతో సహా సరిపోతున్నవో లేదో సరిచూడాలి. తేదీలు, చిల్లర సవరింపులు, ముద్రణలో కాగితం కొలతలు ప్రత్యేకంగా పరిశీలించదగినవి. తెలుగు పుటలలో వత్తులు, అరసున్నలు, అంకెలు, విరామ చిహ్నాలు సరిగా వచ్చినవో లేదో భాష తెలిసినవారు చదివి చూడాలి.

లినక్స్‌పై వైరస్‌లు రావన్న భరోసాతో వైన్‌లో తెలియని ప్రోగ్రాములను నడపరాదు. వైన్ సాధారణ అమరికలో ‘జెడ్’ అనే డ్రైవు ద్వారా కంప్యూటరులోని వాడుకరి ఫైళ్లన్నీ ఆ ప్రోగ్రాములకు అందుబాటులో ఉంటాయి. విండోస్ కోసం రాసిన హానికర ప్రోగ్రాము వైన్‌పై కూడా నడిచి నష్టం కలిగించవచ్చు. వైన్‌ను నిర్వాహకుని అధికారాలతో ఎన్నడూ నడపకూడదు.

వంతెన గమ్యం కాదు

భారత ప్రభుత్వం 2010 నవంబరులో ఈ-గవర్నెన్స్‌కు బహిరంగ ప్రమాణాల విధానాన్ని, 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్వీకరణ విధానాన్ని ప్రకటించింది. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ 2007 నుండి భారతీయ భాషల తోడ్పాటుతో లభిస్తున్నది. వీటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే: ప్రజల సమాచారం ఏ ఒక్క సంస్థ ఉత్పత్తికీ బందీ కారాదు.

రొసెట్టా వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోనున్నది. విండోస్‌లో ఆండ్రాయిడ్ ఏర్పాటు నాలుగేళ్లకే ముగిసింది. వైన్ మూడు దశాబ్దాలు దాటి నిలిచినా, అది నడపలేని ప్రోగ్రాములు ఇంకా ఉన్నాయి. కావున పాత సాఫ్ట్‌వేర్ కొత్త వేదికపై నడిచిందని సంతోషించి అక్కడే ఆగిపోరాదు. నడిచిన ఆ వ్యవధిలోనే ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి, తెలుగు పాఠాన్ని యూనికోడ్‌లోకి, పట్టికలను బహిరంగ ప్రమాణాలలోకి, పుటలను పీడీఎఫ్‌లోకి మార్చి భద్రపరచాలి. పాత ఫాంట్ల నుండి యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు నేడు లభిస్తున్నాయి. మార్చిన పాఠాన్ని మూలంతో ఒకసారి పోల్చి చదివితే చాలు.

ఉద్యోగులు, ముద్రాపకులు, గ్రంథాలయ నిర్వాహకులు, స్థానిక చరిత్రకారులు, ఇంట్లో పాత సీడీల పెట్టె ఉన్న ప్రతి ఒక్కరూ ఈ పనిని వాయిదా వేయకుండా చేపట్టవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. తాళపత్రాలు చెదలు పట్టడానికి శతాబ్దాలు పట్టింది. కంప్యూటరు ఫైలు చదవరానిదిగా మారేందుకు ఇరవై ఏళ్లు చాలు. పాత ప్రోగ్రాము తెరుచుకొంటున్న రోజులలోనే అందులోని అక్షరాన్ని బయటకు తెచ్చుకొన్నవారు, ఆ తరువాత ఆ ప్రోగ్రాము నడవకపోయినా నష్టపోరు.